కల్లు కాంపౌండ్ జోకు, బైస్టాండర్ ట్రైనింగ్, మధ్యలో నేను

డల్లాస్‌లో_ఒకడు

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాసింది లేదు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

డల్లాస్ దగ్గర ఒక క్లయింట్ ఆఫీసులో పనిచేస్తున్నా. వెండర్ ద్వారా వచ్చాను, హెచ్1బీ, గ్రీన్ కార్డు ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. టీమ్‌లో పదకొండు మందిమి, అందులో ఏడుగురం తెలుగువాళ్ళం. టెస్టింగ్ చూసేది ఒక నల్లజాతి ఆవిడ, నలభై ఐదు దాటి ఉంటాయి, ఆ సిస్టమ్ గురించి మా అందరికన్నా ఎక్కువ తెలిసింది ఆవిడకే. మా లీడ్ అన్న తెలుగాయన. నన్ను ఈ ప్రాజెక్టులోకి తీసుకున్నదీ ఆయనే, వచ్చిన కొత్తలో అపార్ట్‌మెంట్ చూసిపెట్టిందీ ఆయనే.

ఆవిడ మీటింగ్ రూమ్‌లోకి వస్తే చాలు, వారానికి ఒకసారైనా ఈయన "కల్లు కాంపౌండ్ తెరిచార్రోయ్" అంటాడు. అమెరికాలో ఉన్నవాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. లేనివాళ్ళ కోసం: ఇక్కడ మనవాళ్ళు కొందరు నల్లవాళ్ళని 'కల్లు' అంటారు, హిందీ కాలా నుంచి వచ్చిన మాట. దానికి మన తాటికల్లు కలిపి ఈయన కనిపెట్టిన జోకు అది.

పోయిన నెల ఒకరోజు అందరూ నవ్వుతుంటే ఆవిడ కూడా నవ్వుతూ నావైపు తిరిగి "ఏంటది, నాకూ చెప్పండి" అంది. "మా ఊళ్ళో తాగే డ్రింకు పేరు, తాటిచెట్టు నుంచి తీస్తారు" అన్నాను. అబద్ధం కాదు కదా! "అయితే ఎప్పుడైనా తాగించండి మరి" అంది. మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను.

పది రోజుల తర్వాత అందరూ తప్పనిసరిగా చెయ్యాలని బైస్టాండర్ ట్రైనింగ్ (ఎవరినైనా వేధిస్తుంటే పక్కనుండి చూస్తున్నవాళ్ళు ఏం చెయ్యాలో నేర్పేది) లింకు వచ్చింది. గంట వీడియో. క్యాంటీన్‌లో ఒకాయన చైనా అమ్మాయి యాసని వెక్కిరిస్తుంటే పక్క టేబులతను కావాలని కాఫీ ఒలకబోసి మాట మళ్ళిస్తాడు. చివర్లో క్విజ్. పదికి పది వచ్చాయి నాకు, సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ ట్రైనింగ్‌ల వల్ల నిజంగా ఎవరికైనా ఉపయోగం కలిగిందా? నేనేం చెయ్యాలి? హెచ్‌ఆర్‌కి వెళ్తే నా సంగతేంటి? ఇంకో ముడి ఏంటంటే మా పాప, వాళ్ళ పాప ఒకే కూచిపూడి క్లాసు, శనివారాలు వాళ్ళ కారులోనే వెళ్తుంది.

ఎడిసన్_పిన్ని

తమ్ముడూ, పదికి పది వచ్చాయన్న చోట నవ్వొచ్చింది, తర్వాత మనసు చివుక్కుమంది. న్యూజెర్సీలో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నా, ఇరవై మంది టీమ్ నాది, ఈ ట్రైనింగ్ నాలుగుసార్లు తీసుకున్నా, ఒకసారి దగ్గరుండి ఇప్పించా కూడా.

వీడియోలో ఐదు 'డీ'లని, ఇంగ్లీష్‌లో డీ అక్షరంతో మొదలయ్యే ఐదు పనులు చెప్పి ఉంటారు. వాటిని ప్రచారంలోకి తెచ్చింది హాలాబ్యాక్ అనే సంస్థ, ఇప్పుడు దాని పేరు రైట్ టు బీ. వీధుల్లో ఆడవాళ్ళని వేధించేవాళ్ళ మీద మొదలుపెట్టారు, 2020లో కోవిడ్ వంకతో ఆసియావాళ్ళ మీద పడుతున్నప్పుడు జాతి వివక్ష మీద కూడా ఉచితంగా క్లాసులు చెప్పారు. మాట మళ్ళించడం, ఇంకొకరి సాయం తీసుకోవడం, రాసిపెట్టుకోవడం, తర్వాత వెళ్ళి పలకరించడం, ముఖం మీదే చెప్పడం. జనం ఆ ఆఖరిది ఒక్కటే ట్రైనింగ్ అనుకుని ముందే బెదిరిపోతారు. నిజానికి అది అన్నిటికన్నా తక్కువ వాడాల్సింది.

నీకు మాట మళ్ళించడం చాలా తేలిక, ఎందుకంటే వాళ్ళు తెలుగులో మాట్లాడుతున్నారు. "అన్నా, ఆవిడ కూడా ఉంది, ఇంగ్లీష్‌లో మాట్లాడుకుందాం" అను, అంతే. ఎవరూ తప్పు పట్టలేరు, మర్యాద కూడా అదే. ఆ జోకు ఇంగ్లీష్‌లో బతకదు. ఇంకాస్త గుండె ఉంటే "నాకర్థం కాలేదన్నా, ఇప్పుడు కల్లు కాంపౌండ్ ఎందుకొచ్చింది?" అని అమాయకంగా అడుగు. జోకుని విడమరచి చెప్పాల్సి వస్తే ఎంతటివాడైనా నీళ్ళు నములుతాడు.

1964లో న్యూయార్క్‌లో ఒకమ్మాయిని చంపుతుంటే 38 మంది చూస్తూ ఊరుకున్నారన్న కథ కూడా ఈ వీడియోల్లో తప్పకుండా ఉంటుంది. ఆ 38 లెక్క పత్రికవాళ్ళు పెంచి రాసిందని తర్వాత తేలింది. కానీ ఆ వార్త చదివి డార్లీ, లాటనే అనే ఇద్దరు ప్రొఫెసర్లు చేసి 1968లో అచ్చువేసిన ప్రయోగం మాత్రం గట్టిది. ఇంటర్‌కమ్‌లో ఎవరికో ఫిట్స్ వస్తున్నట్టు వినిపిస్తుంది. వింటున్నది తనొక్కడే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది అది ఆగేలోపే లేచి వెళ్ళి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారు అనుకున్నవాళ్ళలో 31 శాతమే.

ఇప్పుడు మీ మీటింగ్ రూమ్ చూడు. ఉన్నది పదకొండు మంది, కానీ ఆ మాట అర్థమైంది ఏడుగురికే, మిగతావాళ్ళకి అది వట్టి చప్పుడు. ఏడుగురిలో అన్నవాడు ఒకడు, కడుపుబ్బ నవ్వినవాళ్ళు ఐదుగురు. ఎవరో ఒకరు చెప్తార్లే అనుకోడానికి ఇంకెవరు మిగిలారు తమ్ముడూ?

లీడ్ సంగతి తర్వాత. ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళి ఆ డ్రింకు కథ సరిచెయ్యి.

బెంచ్_బ్రహ్మచారి

పిన్నిగారు చెప్పింది వినడానికి బాగుంది. కానీ బ్రో, ఈ ట్రైనింగ్ ఎవరి కోసమో ముందు తెలుసుకో. 1998లో అమెరికా సుప్రీం కోర్టు రెండు కేసుల్లో, ఫారాగర్ ఒకటి ఎలర్త్ ఒకటి, వేధింపులు ఆపడానికి తగిన జాగ్రత్త తీసుకున్నామని కంపెనీ చూపించుకోగలిగితే కొన్ని సందర్భాల్లో బాధ్యత నుంచి బయటపడొచ్చని చెప్పింది. అప్పట్నుంచి ఈ వీడియోల వ్యాపారం ఊపందుకుంది. నీ సర్టిఫికెట్ నీ కోసం కాదు, వాళ్ళ ఫైల్లో పెట్టుకోడానికి.

నా అనుభవం చెప్తా. ఒహాయోలో ఉన్నప్పుడు ఒక తెల్లాయన మా ఫ్రెండు యాసని కాల్స్‌లో వెక్కిరించేవాడు. నేను వెళ్ళి హెచ్‌ఆర్‌కి చెప్పా. "మీ ధైర్యానికి థాంక్స్" అన్నారు. మూడు నెలలకి బడ్జెట్ లేదని నన్ను ప్రాజెక్టు నుంచి తీసేశారు. ఆ వెక్కిరించినాయనకి ప్రమోషన్. ఉద్యోగం పోతే వీసా మీద నీకుండేది 60 రోజులు, అందులో ఇల్లు ఖాళీ చెయ్యాలా, కారు అమ్మాలా, ఇంటర్వ్యూలు ఇవ్వాలా? పైగా 2025 జనవరిలో ఇలాంటి వైవిధ్యం ప్రోగ్రాములకి వ్యతిరేకంగా ట్రంప్ ఇచ్చిన ఆర్డర్ల తర్వాత చాలా కంపెనీలు ఇలాంటి ప్రోగ్రాముల పేరెత్తడానికే జంకుతున్నాయి. నీ పని నువ్వు చేసుకో, ఆ రూమ్‌లో నవ్వకు, అంతవరకు చాలు.

కాగితాల_మనిషి

ఉద్యోగాల కేసులు చూసే ఆఫీసులో పనిచేస్తా, లాయర్ని కాదు, నిజంగా అవసరం పడితే లాయర్నే కలవండి.

బ్రహ్మచారీ, ఆర్డర్లు మారాయి గానీ 1964 సివిల్ రైట్స్ చట్టంలో ఉద్యోగాల్లో వివక్ష కూడదనే ఏడో భాగం ఎక్కడికీ పోలేదు. పదిహేను మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి కంపెనీకీ వర్తిస్తుంది. జాతి వివక్షని వేలెత్తి చూపినవాడి మీద కక్ష సాధించడం కూడా దాని ప్రకారం చట్టవిరుద్ధమే, ఆ వేలెత్తినవాడు బాధితుడే కానక్కర్లేదు. 2008లో సుప్రీం కోర్టుకి వెళ్ళిన హంఫ్రీస్ కేసు చూడండి. ఒక రెస్టారెంట్లో అసిస్టెంట్ మేనేజర్, నల్లజాతి అన్న కారణంతో తోటి ఉద్యోగిని తీసేశారని ఫిర్యాదు చేశాడు, తననీ తీసేశారు. అంతర్యుద్ధం తర్వాత వచ్చిన పాత చట్టం కింద కూడా ఇలాంటి మనిషికి దావా వేసే హక్కు ఉందని తీర్పిచ్చారు. 2009లో క్రాఫర్డ్ కేసులో ఇంకో అడుగు వేశారు: నువ్వుగా ఫిర్యాదు చెయ్యకపోయినా, కంపెనీ విచారణలో అడిగితే ఉన్నది చెప్పినా సరే, అదీ ఎదిరించినట్టే లెక్క.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినట్టవుతుంది. 2001లో బ్రీడెన్ కేసులో ఒక్కసారి జరిగిన ఒక్క జోకు మీద ఫిర్యాదు చేసినావిడ ఓడిపోయింది, అంతమాత్రానికే చట్టం మీరినట్టు ఏ బుద్ధిమంతుడూ అనుకోడన్నారు. అందుకే మీ పోస్టులో 'వారానికి ఒకసారి' అన్న మాట అన్నిటికన్నా ముఖ్యం. ఈ రాత్రే కూర్చుని రాయండి. తేదీ, టైము, గదిలో ఎవరెవరు, ఏ మాట అన్నారు (తెలుగులో అన్నది అన్నట్టే, కింద దాని అర్థం), ఎవరు నవ్వారు. మీరు నవ్వినా అది కూడా రాయండి, దాచిపెడితే రేపు అదే మీ పీకకి చుట్టుకుంటుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో వద్దు, ఇంట్లో నోట్‌బుక్‌లో రాయండి. ఫోన్లో దొంగచాటుగా రికార్డు చేస్తానని బయల్దేరకండి, కాలిఫోర్నియా లాంటి చోట్ల మాట్లాడేవాళ్ళందరూ ఒప్పుకోకుండా రికార్డు చెయ్యడమే తప్పు. ఇక ఈఈఓసీకి (ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెళ్ళాలంటే రాష్ట్రాన్ని బట్టి 180 రోజులో 300 రోజులో గడువు ఉంటుంది, బాధితురాలు ఆవిడ కాబట్టి ఆ నిర్ణయం ఆవిడది. మీరు సాక్షి, అంతే.

బ్రహ్మచారీ, ఒహాయోలో మీరు ఫిర్యాదు ఈమెయిల్లో పెట్టారా, నోటితో చెప్పారా?

బెంచ్_బ్రహ్మచారి

నోటితోనే. ఇప్పుడు గుర్తు చెయ్యకండి సార్.

కాన్సాస్_నుంచి_వరంగల్

బ్రహ్మచారి మాటలో నిజం ఉంది, 60 రోజులంటే ఏంటో నాకూ తెలుసు. అయినా ఒకటి చెప్పాలనిపించింది.

2017లో మేం కాన్సాస్‌లో ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉండేవాళ్ళం. ఫిబ్రవరి 22 రాత్రి, పక్క ఊరు ఒలేతాలో ఒక బార్‌లో శ్రీనివాస్ కూచిభొట్ల అనే మన తెలుగు ఇంజనీర్‌ని ఒకడు కాల్చి చంపాడు. పక్కనున్న అలోక్ మాదసానికి బుల్లెట్ తగిలి బతికాడు. అందరికీ తెలిసిన కథే, కానీ ముందు జరిగింది చాలామంది మర్చిపోయారు. వాడు తుపాకీ తేకముందే వాళ్ళిద్దర్నీ నోటికొచ్చినట్టు తిడితే అక్కడున్నవాళ్ళు కలగజేసుకున్నారు, వాణ్ణి బయటికి పంపించారు. తర్వాతే వాడు మళ్ళీ వచ్చి "నా దేశం నుంచి పొండి" అని అరుస్తూ కాల్చాడు. టేబుల్ కింద దాక్కుని తూటాలు లెక్కపెట్టిన ఇయన్ గ్రిల్లట్ అనే 24 ఏళ్ళ కుర్రాడు, అయిపోయాయి అనుకుని వెంటపడ్డాడు. ఇంకా అయిపోలేదు. చేతిలోంచి ఛాతీలోకి దూసుకెళ్ళింది. ప్రాణం దక్కింది, తర్వాత హ్యూస్టన్‌లో ఇండియా హౌస్‌వాళ్ళు ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. ట్రైనింగ్‌లో ప్రమాదం ఉన్నచోట ఎదురెళ్ళొద్దని మొదటి పాఠం చెప్తారు, అది సరైన పాఠమే, ఆ అబ్బాయి దాన్ని పాటించలేదు. అది వేరే.

నేను చెప్పాలనుకున్నది ఆ వారాంతం సంగతి. గుడిలో ప్రసాదం దగ్గర నిలబడి అదే మాట్లాడుకుంటున్నాం. వాడు మనవాళ్ళని ఇరానీలనుకున్నాడని వార్తల్లో వచ్చింది కదా, ఒక పెద్దాయన "పాపం, పొరపాటున మనవాళ్ళు పోయారు" అన్నాడు. పొరపాటట! ఇరానీలైతే ఫర్వాలేదా? ఇరవై మందిమి ఉన్నాం అక్కడ, చదువుకున్నవాళ్ళం, ముందురోజు కొవ్వొత్తులు పట్టుకుని నిలబడినవాళ్ళం. ఒక్కరం నోరు విప్పలేదు. నేను పులిహోర తిన్నాను. ఆ మాటకి జవాబు ఏం చెప్పాల్సిందో ఇప్పటికీ కారు నడుపుతూ నాలో నేను అనుకుంటుంటాను.

లీడ్స్_నర్సమ్మ

ఇంగ్లండ్ నుంచి. అసలు సంగతికి కొంచెం పక్కకి పోతున్నానేమో, క్షమించండి. మా ఊళ్ళోనే యార్క్‌షైర్ క్రికెట్ క్లబ్. అక్కడ అజీమ్ రఫీక్ అనే ఆటగాడు 2021 నవంబరులో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని డ్రెస్సింగ్ రూమ్‌లో ఏళ్ళ తరబడి జాతి పేరుతో పడిన మాటలన్నీ చెప్పాడు. మన పుజారా అక్కడ ఆడినప్పుడు పేరు పలకడం రాక 'స్టీవ్' అని పిలిచేవాళ్ళన్న సంగతి కూడా ఆ గొడవలో చర్చకొచ్చింది. రఫీక్ చెప్పినదాంట్లో నన్ను పట్టుకున్నది తిట్టినవాళ్ళ పేర్లు కాదు, చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని సరదా అనుకోవడం, వాళ్ళలో చాలామందికి అసలు గుర్తే లేకపోవడం. అందుకే కాగితాల మనిషిగారు రాసిపెట్టుకోమన్నది వినండి, నవ్వినవాడికి ఏదీ గుర్తుండదు.

మన సిరాజ్ కేసు దానికి రివర్సు. 2021 జనవరి, సిడ్నీ టెస్టు. స్టాండ్లలోంచి తిడుతున్నారని వెళ్ళి చెప్తే కెప్టెన్ రహానే పక్కన నిలబడ్డాడు, అంపైర్లు ఆట ఆపారు, పోలీసులు స్టాండ్లోకి వెళ్ళారు. హైదరాబాదు కుర్రాడు, కెరీర్లో రెండో టెస్టు, తండ్రి పోయి రెండు నెలలు కాలేదు. ఒంటరిగా అయితే చెప్పేవాడా? నాకు అనుమానమే.

ఇక్కడ ఆసుపత్రిలో ఒక పేషంట్ "ఆ రంగు చేతులు నన్ను ముట్టుకోవద్దు" అన్నాడు నన్ను. నేను మందుల ట్రే పట్టుకుని బిగుసుకుపోయా. పక్క బెడ్ దగ్గరున్న మా సిస్టర్ వచ్చి "ఈ వార్డులో ఈవిడే మీ నర్సు, వేరే చేతులు లేవు" అని చెప్పి దుప్పటి సర్ది వెళ్ళిపోయింది. పది సెకన్లు పట్టలేదు. తర్వాత టీ గదిలో "బాగున్నావా?" అని అడిగింది చూడండి, ఏడుపొచ్చింది.

డల్లాస్‌లో_ఒకడు

మూడు వారాలైంది, ఏమైందో చెప్పాలి కదా.

పిన్ని చెప్పినట్టు ముందు ఆవిడ దగ్గరికే వెళ్ళా. మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే కూర్చుని తింటుంటే వెళ్ళి, ఆరోజు డ్రింకు గురించి నేను చెప్పింది సగమే, రెండో సగం ఇదీ, ఇంకా నేను కూడా నవ్వాను, సారీ అన్నా. కోపమొస్తుందనుకున్నా, ఏడుస్తుందేమోననీ అనుకున్నా. ఆవిడ ఫోర్కు కింద పెట్టి "నాకు తెలుసు" అంది. ఆరోజు ఇంటికెళ్ళి ఆ డ్రింకు ఏంటో వెతికిందట, తాటిచెట్ల ఫోటోలు చూసిందట, వాటితో పాటే ఆ మాటకి రెండో అర్థం కూడా దొరికిందట. "మూడేళ్ళుగా వింటున్నా ఆ మాట. నువ్వు నాకు స్పెల్లింగ్ ఇచ్చావు, అంతే" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. హెచ్‌ఆర్‌కి వెళ్దామా, సాక్షిగా నా పేరు రాసుకోండి అన్నా. ఆలోచించి చెప్తానంది, ఇంకా చెప్పలేదు, నేను రెండోసారి అడగలేదు.

లీడ్ అన్నతో పార్కింగ్‌లో మాట్లాడా. చేతులు వణికాయి, కాదనను. "అన్నా, ఆవిడ విషయంలో ఆ మాట వద్దన్నా, ఆవిడకి అర్థం తెలుసు" అన్నా. ముందు తెల్లబోయాడు. తర్వాత "ఎవడ్రా చెప్పింది, నువ్వేనా?" అన్నాడు. కాసేపటికి "జోకురా అది, మనలో మనం అనుకునేది, నువ్వు కూడా ఇలా తయారయ్యావా" అని కారెక్కి వెళ్ళిపోయాడు. అపార్ట్‌మెంట్ చూసిపెట్టిన మనిషి, అది గుర్తొచ్చి చాలాసేపు అక్కడే నిలబడ్డా.

ప్రాజెక్టులో ఇంకా ఉన్నా. నోట్‌బుక్‌లో ఆరు ఎంట్రీలున్నాయి, నేను నవ్వినవి కూడా రాశాను.

ఎడిసన్_పిన్ని

శభాష్. మీటింగుల్లో మళ్ళీ అన్నాడా ఆ మాట?

డల్లాస్‌లో_ఒకడు

అనలేదు పిన్నీ, నా ముందు. ఇప్పుడు నేను రూమ్‌లోకి వెళ్తే తెలుగు మాటలు ఆగిపోతున్నాయి, అందరూ ఇంగ్లీష్‌లోకి మారిపోతున్నారు. ఇకనుంచి శనివారాలు పాపని మీరే దింపుకోండని నిన్న వాళ్ళావిడ మా ఆవిడకి మెసేజ్ పెట్టింది.